పాటతో ప్రాణం పోసుకున్న కొండ

స్వీడన్‌లో ఒక పండితుడు పాత ఇళ్లను విప్పి తెచ్చి కొండమీద తిరిగి కట్టించాడు. ఇళ్లు మాత్రమే నిలబెడితే చాలదని, వాటి ముంగిట పాటా పండుగా ఉండాలని ఆయన పట్టుపట్టాడు. ఆ పట్టుదల నేటికీ ప్రతి వేసవిలో ఫలిస్తున్నది.

సాయంత్రం ఎనిమిది గంటలైంది. అయినా ఎండ ఇంకా తగ్గలేదు. ఉత్తరదేశపు వేసవి అది. స్టాక్‌హోమ్ నగరంలో సూర్యుడు రాత్రి పదింటి దాకా క్రుంకడు. నగరం నడుమ యూర్గోర్డెన్ అనే ద్వీపంలో ఒక కొండ, ఆ కొండమీద సోలిడెన్ అనే బహిరంగ రంగస్థలం ఉన్నవి. దాని ముందు వేలాది జనం చేరారు. మంచిచోటు కోసం ఉదయంనుంచే వచ్చి కూర్చున్నవారు కొందరు. తాతల ఒళ్లో మనవలున్నారు. కళాశాల విద్యార్థుల పక్కన పింఛనుదారులున్నారు. అందరి చేతుల్లోనూ ఒక చిన్న పాటల పుస్తకం ఉన్నది.

వేదికపై వాద్యబృందం అందుకోగానే జనమంతా ఒక్క గొంతుతో పాడనారంభిస్తారు. వారిలో శిక్షణ పొందిన గాయకులు బహు కొద్దిమంది. శ్రుతి తప్పినా అడిగేవారు లేరు. వాన పడితే వానకోటు తొడుక్కుంటారు గాని పాట ఆపరు.

స్వీడిష్ భాషలో దీనికి ‘అల్‌సోంగ్’ అని పేరు. అందరూ కలిసి పాడే పాట అని అర్థం. మన భజన మందిరాలలో పాడేవారు వేరు, వినేవారు వేరు అన్న భేదం ఎలా చెరిగిపోతుందో ఇక్కడా అంతే. వేసవిలో మంగళవారం సాయంత్రాలు జరిగే ఈ గానసభ 1935లో మొదలైంది. 1979నుంచి టెలివిజన్ దీనిని దేశమంతటికీ చూపుతున్నది.

ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమంటే, ఈ కొండ సంగీతశాల కాదు, ఉద్యానవనమూ కాదు. ఇది ఒక మ్యూజియం. దీని పేరు స్కాన్సెన్.

ఒక ఉన్ని లంగాతో ఆరంభం

ఈ కథ 1872 వేసవిలో మొదలవుతుంది. ఆర్తుర్ హజేలియుస్ అనే భాషాపండితుడు భార్యతో కలిసి దలార్నా అనే మధ్యస్వీడన్ మండలానికి ప్రయాణమై వెళ్లాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి ఎనిమిది. స్వీడిష్ భాషకు వర్ణక్రమ సంస్కరణ కావాలని వాదించినవారిలో ఆయనొకడు. దలార్నా గ్రామీణులు రంగురంగుల దుస్తులకు, కొయ్య ఇళ్లకు, ఫిడేలు పాటలకు పేరు పొందినవారు. కాని ఆయన వెళ్లేనాటికి అవన్నీ మారిపోతున్నవి. నేతబట్టల స్థానంలో మిల్లుబట్టలు వస్తున్నవి. పూర్వుల పెట్టెలూ, అల్మరాలూ అటకలెక్కుతున్నవి.

దేశమంతటా అదే స్థితి. 1867-69 మధ్య స్వీడన్‌లో తీవ్రమైన కరవు వచ్చింది. రైలుమార్గాలు పల్లెలను పట్టణాలతో కలిపాయి, పల్లె జనాన్ని పట్టణాలకు చేర్చాయి. అంతకుమించి, బతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికా ఓడ ఎక్కినవారికి లెక్కలేదు. 1850నుంచి 1930 వరకు సుమారు పన్నెండు లక్షల మంది స్వదేశం విడిచిపోయారు. 1870లో ఆ దేశపు జనాభా నలభై లక్షల పైచిలుకు మాత్రమేనని గుర్తుంచుకుంటే ఆ వలస ఎంతటిదో తెలుస్తుంది.

హజేలియుస్ ఆ ప్రయాణంలోనే స్తూరా తూనా అనే ఊరి ఉన్ని లంగా ఒకటి కొన్నాడు. ఆయన సేకరణలో మొదటి వస్తువు అదే. రాజుల కత్తులు, కిరీటాలు దాచే మ్యూజియంలు ఐరోపాలో ఎన్నో ఉన్నవి. రైతు భార్య కట్టిన లంగాను చరిత్ర సాక్ష్యంగా దాచాలని తలచినవారు ఆనాడు అరుదు. మరుసటి ఏడు, 1873లో, స్టాక్‌హోమ్‌లోని ఒక వీధిలో ఆయన తన సేకరణను ప్రజలకు చూపాడు. అదే తరువాత నార్డిక్ మ్యూజియంగా పెరిగింది. 1874లో భార్య కుమారుని ప్రసవించి మరణించింది. ఆ దుఃఖం తరువాత ఆయన జీవితమంతా ఈ పనికే అంకితమైంది.

దుంగదుంగకూ గుర్తు

వస్తువులను గాజుపెట్టెలో ఉంచితే అవి ఒంటరివవుతాయని హజేలియుస్ గ్రహించాడు. కొయ్య గరిటె వంటింట్లో ఉంటేనే గరిటె. వంటిల్లు ఇంటిలో ఉండాలి. ఇంటికి పెరడు, పశువులు, మనుషులు ఉండాలి. కాబట్టి ఇంటినే తేవాలి.

స్వీడన్ పల్లె ఇళ్లు దుంగలతో కట్టినవి కావడం ఆయనకు కలిసివచ్చింది. ఒక్కొక్క దుంగకు గుర్తు పెట్టి, ఇల్లు విప్పి, తరలించి, తిరిగి అదే వరుసలో పేర్చవచ్చు. ఆ విధంగా దలార్నాలోని మూరా ప్రాంతపు ఇల్లు ఒకటి వచ్చింది. కొండపై మొదట నిలిచిన కట్టడాలలో అదొకటి. 1891 అక్టోబరు 11న స్కాన్సెన్ తలుపులు తెరిచారు. ‘స్కాన్సెన్’ అంటే చిన్న కోట అని అర్థం.

ఇటువంటి ప్రయత్నం అంతకు పదేళ్ల ముందే నార్వేలో రాజు ఆస్కార్ ఎస్టేటులో చిన్నమేర జరిగింది. కాని లోకమంతటా ఆదర్శమైనది స్కాన్సెనే. పోలండ్, హంగరీ వంటి దేశాలలో ఆరుబయటి మ్యూజియం అనడానికి ‘స్కాన్సెన్’ అన్నదే సామాన్యనామమైపోయింది. ఒక కొండ పేరు పరభాషల నిఘంటువులకు ఎక్కడం ఎంతటి గౌరవం!

నేడు సుమారు డెబ్బయి అయిదెకరాల విస్తీర్ణంలో నూట యాభై వరకు కట్టడాలున్నవి. పద్ధెనిమిదో శతాబ్దిలో కట్టిన సెగ్లోరా చర్చిని 1916లో తెచ్చి నిలిపారు. అక్కడ ఇప్పటికీ పెళ్లిళ్లు జరుగుతాయి. పూర్వకాలపు దుస్తులలో స్త్రీలు రొట్టెలు కాల్చి చూపుతారు. కొలిమిలో గాజు ఊదేవారుంటారు. అడుగంటుతున్న దేశీయ పశుజాతులను అక్కడే పెంచుతారు.

ఫిడేలుకు వచ్చిన ఆపద

ఇంటిని విప్పి తేవచ్చు. పాటను ఎలా తేవడం? దానిని పాడేవాడే తేవాలి. హజేలియుస్ ఆ మర్మం తెలిసినవాడు. ఆరంభంనుంచే పల్లె వాద్యకారులను, నర్తకులను కొండకు పిలిచాడు. స్కాన్సెన్‌కు సొంత జానపద నృత్య బృందం 1904లో ఏర్పడింది.

ఆనాడు స్వీడిష్ పల్లెలలో ఫిడేలుకు రెండు వైపులనుంచి ముప్పు వచ్చింది. ఒకవైపు మతోద్ధరణ ఉద్యమాలవారు ఫిడేలు పాపపు వాద్యమన్నారు. నాట్యానికి, తాగుడుకు అది తోడని నిందించారు. మరొకవైపు అకార్డియన్ వచ్చి దాని చోటును ఆక్రమించింది. వృద్ధులైన వాద్యకారులతోపాటు వందల వరుసలు మరుగున పడే స్థితి ఏర్పడింది.

ప్రఖ్యాత చిత్రకారుడు ఆండెర్స్ సూర్న్ స్వయంగా మూరా ప్రాంతంవాడు. ఆయన 1906లో తన ప్రాంతంలో ఫిడేలు పోటీ పెట్టించాడు. నాలుగేళ్ల తరువాత, 1910లో, దేశం నలుమూలలనుంచి పల్లె వాద్యకారులు స్కాన్సెన్‌లో కూడారు. ఈసారి పోటీ లేదు, గెలుపోటములు లేవు. వచ్చినవారికి సూర్న్ రూపొందించిన వెండి పతకాన్ని ఇచ్చారు. సొంత ఊళ్లో పాతకాలపు మనిషిగా నవ్వులపాలైన వృద్ధుడు రాజధానిలో పతకం ధరించి నిలిచాడంటే ఆ వాద్యానికి ఎంతటి మర్యాద తిరిగి వచ్చిందో ఊహించవచ్చు. సూర్న్ పేరిట పతకాలు నేటికీ జానపద వాద్యకారులకు ఇస్తున్నారు.

పండుగలే పోషకులు

హజేలియుస్ దగ్గర ధనం లేదు. విరాళాలు అడిగాడు. 1893నుంచి స్కాన్సెన్‌లో వసంతోత్సవాలు జరిపి వచ్చిన డబ్బుతో కట్టడాలు తెప్పించాడు. కనుక ఇక్కడ పండుగ అలంకారంగా వచ్చినది కాదు. మ్యూజియాన్ని బతికించినదే పండుగ.

నడివేసవి పండుగ వాటిలో ముఖ్యమైనది. జూన్ నెల మూడో, నాలుగో వారంలో వచ్చే ఈ పండుగనాడు ఆకులు, పువ్వులు చుట్టిన ఎత్తైన స్తంభాన్ని అందరూ కలిసి నిలబెడతారు. చుట్టూ చేతులు పట్టుకుని తిరుగుతారు. ఒక పాటకు పిల్లలూ పెద్దలూ కప్పల్లా గెంతుతారు. బ్యాంకు అధికారి తన బిడ్డ పక్కన కప్పగంతులు వేయడం ఆ ఒక్కనాడే చూడగలం! పువ్వుల చుట్టూ వలయంగా తిరిగి పాడే ఆచారం చూస్తే తెలుగువారికి బతుకమ్మ గుర్తురాక మానదు.

ఏప్రిల్ 30 రాత్రి మంటలు వేసి వసంతాన్ని ఆహ్వానిస్తారు. జూన్ 6ను దేశభక్తి దినంగా జరపడం హజేలియుస్ 1893లో ఇక్కడే మొదలుపెట్టాడు. అది 1916లో జెండా దినమైంది, 1983లో జాతీయ దినోత్సవమైంది, 2005లో సెలవుదినమైంది. మ్యూజియంలో పుట్టిన పండుగ జాతికి పండుగ కావడం అపూర్వం. నూతన సంవత్సరపు అర్ధరాత్రి టెన్నిసన్ కవితను స్వీడిష్ అనువాదంలో చదివే ఆచారమూ ఇక్కడిదే. ఆండెర్స్ ద వాల్ అనే నటుడు దానిని 1897నుంచి 1955 వరకు చదివాడు.

1935 మే నెలలో స్వెన్ లిల్యా అనే సంగీతజ్ఞుడు సామూహిక గానం ప్రారంభించినప్పుడు వచ్చినవారు యాభై మంది ప్రాంతం. ఆయన నిరుత్సాహపడలేదు. 1950 వరకు తానే నడిపాడు. యాభై మందితో మొదలైన గుంపు వేలకు పెరిగింది. 1974నుంచి 1993 వరకు బుస్సె లార్సన్, ఆ తరువాత పదేళ్లు లాస్సె బెర్యహాగెన్ జనంచేత పాడించారు.

రెండు ప్రశ్నలు

మెచ్చుకోవలసిన చోట కూడా కొన్ని నిజాలు చెప్పక తప్పదు. ఉత్తర ప్రాంతపు సామీ జాతి కుటుంబాన్ని రెయిన్‌డీర్లతో సహా తెచ్చి కొండపై కాపురముంచి చూపడం తొలినాళ్ల స్కాన్సెన్ చేసిన పని. ఒక జాతి బతుకును మరొక జాతి టిక్కెట్టు కొని చూడడం న్యాయమా అని నేడు అడుగుతున్నారు. ఆ ప్రశ్న సరైనదే. పాతను ప్రేమించడం ఒకటి, పాతలో మనుషులను బంధించడం మరొకటి.

రెండవ ప్రశ్న టెలివిజన్ తెచ్చినది. నేటి వేదికపై సినిమా, పాప్ తారలు కూడా పాడుతున్నారు. జానపద గానం మెరుపుల వెనుక మరుగు కాదా? దీనికి 2020 ఒక విధమైన సమాధానం చెప్పింది. ఆ వేసవి కొవిడ్ కారణంగా సోలిడెన్ ముందు జనం లేరు. తారలు ఖాళీ ఆసనాల ముందు పాడారు. ప్రవేశ రుసుముపై ఎక్కువగా ఆధారపడిన సంస్థకు అది గడ్డుకాలం. వేదిక ఉన్నది, దీపాలు ఉన్నవి, వాద్యాలు ఉన్నవి. అయినా వెలితి అందరికీ తెలిసింది. ఆ సభకు అసలు గాయకుడు ఎవరో ఆ మౌనం చెప్పింది.

మన ముంగిట

స్కాన్సెన్ చూపిన బాట మన దేశానికీ చేరింది. చెన్నై సమీపాన ముట్టుకాడులో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర దక్షిణాది ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి కట్టింది. కళింగాంధ్ర తీరంలో తుఫానుగాలిని తట్టుకునే గుండ్రని చుట్టిల్లును, తెలుగు నేతగాని ఇంటిని అక్కడ చూడవచ్చు. హైదరాబాదు శిల్పారామంలో సంక్రాంతికి హరిదాసులు, గంగిరెద్దులవారు వస్తారు. నగరంలో పుట్టిన పిల్లలు చాలామందికి సన్నాయి ఊదగా తల ఊపే ఎద్దును చూసేది అక్కడే.

ఆచార్య బిరుదురాజు రామరాజు వంటివారు మన జానపద గేయాలను సేకరించి గ్రంథాలలో భద్రపరచారు. అది మహోపకారం. కాని గ్రంథంలోని పాట విత్తనం వంటిది. అది మొలకెత్తాలంటే నేల కావాలి. నాట్లు యంత్రాలు వేస్తున్నప్పుడు నాటుపాట ఎక్కడ పాడాలి? తిరగలి లేని ఇంట విసురుపాట ఎవరికి? ఆ ప్రశ్నకు స్కాన్సెన్ ఇచ్చే జవాబు సామాన్యమైనది: పని పోయినా పండుగ మిగుల్చుకోండి, పండుగనాడు చూడవచ్చినవారి చేతికి పాటల పుస్తకం ఇవ్వండి.

హజేలియుస్ 1901 మే నెలలో కన్నుమూశాడు. తాను కట్టించిన నార్డిక్ మ్యూజియం భవనం పూర్తయినది చూడలేదు. అది 1907లో గాని తెరుచుకోలేదు. ఆయన సమాధి స్కాన్సెన్ కొండమీదనే ఉన్నది. ఏటా పదిలక్షలకు పైగా జనం ఆ కొండ ఎక్కుతారు. వేసవి మంగళవారం సాయంకాలాన ఆ సమాధి ఉన్న కొండంతా పాటతో నిండిపోతుంది. పూర్వుల వస్తువులను దాచిన మనిషికి ఆ పాటను మించిన నివాళి ఏముంటుంది!