జిగురంటని బండి

వెలిమెలలో ఇప్పుడు విల్లా అంటే ముందు కాస్త పచ్చిక, ఆదివారం సాయంత్రం ఆ పచ్చికలో చుట్టాలు, వాళ్ల మధ్యకు గ్లాసులూ పళ్లేలూ మోసుకొచ్చే ప్లాస్టిక్ ట్రాలీ. అది అట్టపెట్టెలో విడి ముక్కలుగా వస్తుంది: రెండు ట్రేలు, కాళ్లు, ఇరుసు, చక్రాలు, గుప్పెడు స్క్రూలు. జిగురు సీసా మాత్రం ఉండదు. బండి రూపం సగం అందువల్లే అలా ఉంది.

ఇలాంటివి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకాల దారి పట్టుకుని, 1954లో ఇటలీలో జూలియో నట్టా బృందం దీన్ని గట్టి ప్లాస్టిక్‌గా తయారుచేసింది. 1963లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ ప్లాస్టిక్ మీద మామూలు జిగురు తామరాకు మీద నీటిబొట్టే. అయితే వంచితే టపుక్కున విరగదు, వదిలితే మళ్లీ నిటారవుతుంది. అందుకే కాలి చివర చిన్న కొక్కెం పెడతారు. ట్రే రంధ్రంలోకి నొక్కితే అది వంగి లోపలికి దూరుతుంది, అంచు దాటగానే వెనక్కి తన్ని 'టక్'మంటుంది. చప్పుడు రాలేదంటే కాలు ఇంకా కూర్చోలేదన్నమాట.

ట్రేని ఓసారి తిరగేసి చూడండి, దాని జాతకమంతా అడుగునే ఉంటుంది. గుండ్రటి మచ్చలు అచ్చులోంచి ముక్కను బయటికి నెట్టిన పిన్నులవి. చిన్న గరుకు మచ్చ, 200 డిగ్రీలు దాటి కరిగిన ప్లాస్టిక్ గింజలు, అంటే దానా, అచ్చులోకి దూరిన చోటు. కొన్నిటికి బాణం గుర్తుతో బుల్లి వలయం కూడా ఉంటుంది, అది తయారైన నెల చెబుతుంది. 1872లో అమెరికాలో హయత్ సోదరులు పేటెంటు తీసుకున్న యంత్రం సెల్యులాయిడ్‌ను ఇలాగే అచ్చులోకి తోసేది. పటాన్‌చెరు వైపు షెడ్లలో నడిచే మౌల్డింగ్ మిషన్లు దాని మునిమనవళ్లే. అడుగున అడ్డంగా, నిలువుగా ఉన్న పక్కటెముకలు ఊరికే అందానికి కావు. పలకను మందంగా పోస్తే చల్లారడం ఆలస్యమై గుంటలు పడుతుంది. పలచగా పోసి ఎముకలు నిలబెడితే తక్కువ దానాతోనే బరువు ఆగుతుంది.

బిగించేది నీడలో బిగించండి. 80 సెంటీమీటర్ల ట్రే 30 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైనే సాగుతుంది, రంధ్రాలు కలవవు. స్క్రూలకు డ్రిల్లు వద్దు, చేత్తోనే తిప్పాలి. ప్లాస్టిక్‌లో మర ఒకసారి అరిగితే మళ్లీ పట్టదు. ఐసు బకెట్టు, నీళ్ల సీసాలు కింది ట్రేలోకి, గ్లాసులు పైకి. బిర్యానీ గిన్నె పెట్టినా కరగదు గానీ, వేడీ బరువూ కలిసి గంటల తరబడి నొక్కితే ట్రే మెల్లగా కుంగిపోతుంది. మిర్చి బజ్జీల మూకుడు మాత్రం వద్దే వద్దు. నూనె 180 డిగ్రీలకు చేరుతుంది, పాలీప్రొపిలీన్ 165 దగ్గరే కరుగుతుంది.

దీనికి అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు అణువుల గొలుసుల్ని తెంపుతాయి. మొదట రంగు వెలుస్తుంది, తర్వాత చేతికి తెల్లటి పొడి అంటుతుంది, చివరికి కొక్కేలు విరుగుతాయి. దానాలో కార్బన్ బ్లాక్ కలిపిన నల్ల ట్రాలీ ఎండకు కాస్త ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది గానీ, మే నెలలో దాని పిడి పట్టుకోవడం కష్టం. పని కాగానే వరండాలోకి లాగేయడమే మేలు.