ప్రమాద పరిహారము – పెట్టెలోని కాగితముల విలువ

పిల్లల చదువును గూర్చి ఈ సంచికలో పెక్కురు వ్రాయుచుండగా, ఆ చదువు నడుమ నిలిచిపోవు సందర్భమును గూర్చి కూడ ఒక మాట చెప్పుట మా విధి యని తోచినది. సంపాదించు తండ్రియో తల్లియో రోడ్డు ప్రమాదమున అకస్మాత్తుగా మరణించినను, అంగవైకల్యము పొందినను, మొదట దెబ్బతినునది పిల్లల చదువే. అట్టి కుటుంబమునకు నష్టపరిహారము పొందు హక్కును చట్ట మొసగినది. అది ఎవరి దయాధర్మమును కాదు. అయితే హక్కున్నంత మాత్రమున సొమ్ము చేతికి రాదు. ఒకే విధమైన రెండు ప్రమాదములలో ఒక కుటుంబమునకు వచ్చిన దానిలో మరియొక కుటుంబమునకు మూడింట రెండు వంతులే రావచ్చును. ఈ భేదమునకు న్యాయవాది వాక్చాతుర్యము కంటె ఇంటి పెట్టెలోని కాగితములే ముఖ్య కారణమని మా నమ్మకము.

పరిహారపు లెక్కకు సుప్రీం కోర్టు 2009లోను 2017లోను ఇచ్చిన తీర్పుల వలన ఒక క్రమ మేర్పడినది. మొదట మృతుని నెలసరి ఆదాయమును తీసికొందురు. బ్రతికియున్నచో ఆ ఆదాయము పెరిగియుండెడిది గనుక దానికి కొంత కలుపుదురు. స్వంత వృత్తి గలవాడు 40 ఏండ్ల లోపువాడైనచో నూటికి 40 వంతులు, 40 దాటి 50 లోపువాడైనచో 25 వంతులు కలుపుదురు. పిమ్మట అతడు తనకై ఖర్చు పెట్టుకొను భాగమును తీసివేయుదురు. ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైనచో అది మూడవ వంతు; నలుగురు మొదలు ఆరుగురి వరకు నాలుగవ వంతు. మిగిలిన మొత్తమును సంవత్సరమునకు లెక్కకట్టి, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చవేయుదురు. 36 మొదలు 40 ఏండ్ల వరకు గుణకము 15. 41 మొదలు 45 వరకు 14.

ఒక ఉదాహరణము చూతము. 38 ఏండ్ల చిల్లర వర్తకుడు నెలకు రూ. 15,000 సంపాదించుచుండెననియు, భార్యను, ఇద్దరు పిల్లలను, తల్లిని విడిచి మరణించెననియు అనుకొందము. నూటికి 40 వంతులు కలిపిన రూ. 21,000, నాలుగవ వంతు తీసివేసిన రూ. 15,750, సంవత్సరమునకు రూ. 1,89,000; దానిని 15తో హెచ్చించిన రూ. 28,35,000. ఆదాయమునకు రుజువు లేక ట్రిబ్యునలు నెలకు రూ. 10,000 మాత్రమే లెక్కించినచో వచ్చునది రూ. 18,90,000. అనగా లెక్కపుస్తకము లేకపోవుట వలన రూ. 9,45,000 నష్టము. ఆదాయము రుజువైనను, వయస్సు సరిగా తెలియక 42 ఏండ్లుగా తీసికొన్నచో మొత్తము రూ. 23,62,500కు దిగును. అంత్యక్రియల ఖర్చు మొదలగు చిన్న మొత్తములు వీనికి అదనము.

కాబట్టి తల్లిదండ్రులు నేడే చేయదగిన పని యొకటి గలదు. దుకాణము గలవారు రోజువారీ లెక్క వ్రాయవలెను. వచ్చిన సొమ్ములో కొంతయైనను బ్యాంకు ఖాతా ద్వారా నడుపవలెను. మగ్గము మీద, మిల్లులో పనిచేయువారు కూలి చీటీలను పారవేయరాదు. పన్ను పడకున్నను ఆదాయపు రిటర్ను దాఖలు చేయుట మంచి రుజువు. ఇంటిపని చేయు గృహిణికి ఆదాయము లేదు గదా యని పరిహారము విడిచిపెట్టవలదు; ఆమె శ్రమకును విలువ కట్టవలెనని సుప్రీం కోర్టు 2021లో స్పష్టముగా చెప్పినది. గాయములైనచో ఆస్పత్రి బిల్లుల అసలు ప్రతులు, డిశ్చార్జి పత్రము, వైకల్య ధ్రువపత్రము భద్రపరుపవలెను.

మనవంటి పరభాషా రాష్ట్రవాసులకు మరియొక చిక్కు గలదు. అది పేరు. మన యింట ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాట తండ్రి పేరి మొదటి అక్షరమును ముందుంచుదురు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా వ్రాయుదురు. అందుచేత ఒకే మనిషి రేషను కార్డులో ఒక పేరుతోను, బ్యాంకులో మరియొక పేరుతోను, ఆధారు కార్డులో ఇంకొక పేరుతోను ఉండుట మనలో సాధారణము. బ్రతికియున్నన్నాళ్లు ఇది నవ్వులాట. మరణించిన పిదప, ఈ ముగ్గురును ఒక్కరే యని నిరూపించుకొను భారము ఏడ్చుచున్న భార్యపై పడును. ఈ సవరణలు ముందుగా చేయించుకొనుట సులభము.

ప్రమాదము జరిగిన పిమ్మట మొదట పోలీసు ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. నమోదయ్యెనా యని చూచి ప్రతిని తీసికొనవలెను. 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము ట్రిబ్యునలునకు ఆరు నెలల లోపల అర్జీ పెట్టవలెను. ఈ గడువుపై న్యాయస్థానములలో వాదములు జరిగినను, వానిని నమ్ముకొని కూర్చుండుట వివేకము కాదు. పైగా వడ్డీని అర్జీ పెట్టిన తేదీకి పూర్వమునుండి లెక్కింప వీలులేదు. ఆలస్యమైన కొలది అదియు తగ్గును. ప్రమాదము జరిగిన చోటనే అర్జీ పెట్టవలె ననునది అపోహ. తిరుపతి యాత్రకు పోవుచు చిత్తూరు దారిలో గాయపడిన హోసూరు కుటుంబము, తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇక మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన సంగతి. తప్పెవరిదో రుజువు చేయనక్కరలేకుండ మరణమునకు రూ. 5 లక్షలు, తీవ్ర గాయమునకు రూ. 2.5 లక్షలు ఇచ్చు పద్ధతి 164వ సెక్షనులో గలదు. అవతలి డ్రైవరు తప్పు నిరూపింప వీలులేనివారికి అది వరమే. కాని దానిని అంగీకరించినచో 166వ సెక్షను క్రింద పెట్టిన పూర్తి పరిహారపు అర్జీ రద్దగును. పై ఉదాహరణములోని కుటుంబము తొందరపడి రూ. 5 లక్షలకు ఒప్పుకొన్నచో పోగొట్టుకొనునది రూ. 23 లక్షలకు పైగా. గుద్ది పారిపోయిన వాహనము జాడ తెలియనిచో మాత్రము మరణమునకు రూ. 2 లక్షలు, తీవ్ర గాయమునకు రూ. 50,000 వేరుగా లభించును.

కావున చదువ రాని భాషలోని కాగితముపై చేవ్రాలు చేయవలదని మా ప్రార్థన. దుఃఖములో నున్న యింటికి వచ్చి "ఇక్కడ సంతకము పెట్టుడు" అనువారు ఎందరో యుందురు. కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో తెలిసిన మన పిల్లవానిచేతనైన చదివించి, అర్థము తెలిసికొనిన తరువాతనే చేవ్రాలు చేయవలెను. కష్టనివారణకై అధికారికి పెట్టు విన్నపమును, రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను వ్రాయు హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము మనకిచ్చినది. అయినను ట్రిబ్యునలు వ్యవహారము రాష్ట్ర భాషలోనో ఆంగ్లములోనో నడుచును గనుక, తెలుగు పత్రములకు అనువాదము సిద్ధపరచుకొనవలెను.

న్యాయవాది రుసుమును గూర్చియు తెలిసియుండుట మేలు. వచ్చిన పరిహారములో ఇంత వంతు తీసికొందునను ఒప్పందము బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయ మొసగవలెనని 1987 నాటి చట్టము చెప్పుచున్నది; జిల్లా న్యాయసేవాధికార సంస్థలో విచారింపవచ్చును. లోక్ అదాలతులో రాజీ త్వరగా కుదురును గాని, దానిపై అప్పీలు లేదు. అందుచేత పై విధముగా లెక్క వేసికొని, కనీస మెంత రావలెనో తెలిసికొనియే అచ్చట కూర్చుండవలెను.

ఎక్కువ సొమ్మునకై దొంగబిల్లులు చేర్చుమని చెప్పువారి మాట వినరాదు. ఒక అబద్ధము బయటపడినచో నిజమైన బిల్లులపై కూడ అనుమానము కలుగును. న్యాయముగా రావలసిన దానిని పూర్తిగా రాబట్టుకొనుటకు సత్యమే చాలును. దానికి రుజువు మాత్రము కావలెను.

మీ బిడ్డ పేరు, పుట్టిన తేదీ పాఠశాల ప్రవేశపు రిజిస్టరులో వ్రాయబడును. సెలవుల తరువాత పాఠశాలకు వచ్చినప్పుడు ఆ పుటను ఒకసారి చూచి, మీ ఆధారు కార్డుతో పోల్చుకొనుడు. తేడా యున్నచో ప్రధానోపాధ్యాయునికి తెలుపుడు. ఆ దినము మీకు ఎన్నడును రాకూడదనియే మా కోరిక. వచ్చిననాడు మాత్రము, పిల్లల చదువునకు మీరు పెట్టెలో దాచిన కాగితములే అండగా నిలువగలవు.