మీకు తెలుసా? గోడను కాపాడేది అంగుళం గాలి!

పరీక్షించి ధ్రువీకరించని కట్టెల స్టవ్‌కూ చెక్క గోడకూ మధ్య 36 అంగుళాల ఎడం ఉండాలని అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. గోడకు అంగుళం ఎడంగా 24 గేజ్ ఇనుప రేకు బిగిస్తే ఆ దూరాన్ని 12 అంగుళాలకు తగ్గించవచ్చు!

కిటుకంతా ఆ అంగుళం ఖాళీలోనే ఉంది. కిందినుంచి చల్లగాలి దూరి, వేడెక్కి, పైనుంచి వెళ్లిపోతూ వేడిని మోసుకుపోతుంది. అందుకే రేకు అడుగున, పైన తెరిచే ఉంచాలి.

గోడకు నేరుగా అతికించిన ఇటుకలు, టైల్స్ చాలవు. అవి మెల్లగా వేడిని వెనకున్న చెక్కకు చేరవేస్తాయి. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క లోలోపల బొగ్గుబారి, మామూలుకన్నా తక్కువ వేడికే అంటుకోగలదు. మంట కనిపించేలోగానే ముప్పు మొదలవుతుంది. కాబట్టి స్టవ్ వెలిగించే ముందే కొలిచి చూసుకోండి.