తర్పణంలో ఎవరెవరు ఉంటారు?

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు మహాలయ పక్షం. తర్పణం అనగానే తండ్రి, తాత, ముత్తాతలే మనకు గుర్తొస్తారు. మహాలయంలో ఆ వరుస అక్కడితో ఆగదు. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మ, పినతండ్రి, మేనమామ, మేనత్త, మామగారు, చివరకు గురువు, స్నేహితుడు కూడా ఉంటారు. గతించిన ఒక్కొక్కరికీ పేరు, గోత్రం చెప్పి నువ్వుల నీళ్లు వదులుతాం. నా అన్నవాళ్లు లేనివారికి కూడా ఆఖరున వదులుతాం. మనల్ని నిలబెట్టింది ఒక్క ఇంటిపేరే కాదని పెద్దలు ఎప్పుడో గుర్తించారు.

చిక్కల్లా పేర్ల దగ్గరే. పంతులుగారు అడిగితే అమ్మమ్మగారి అత్తగారి పేరు మనలో ఎంతమందికి వస్తుంది? ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఊళ్లో ఒకరిద్దరే మిగిలారు. ఈ వారమే ఫోన్ చేసి పేర్లు, గోత్రాలు, తిథులు రాసుకుందాం. తండ్రి ఉన్నవారు మామూలుగా తర్పణం వదలరు, కానీ పేర్లు రాసి ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. తిథిని మాత్రం సన్నీవేల్ సమయం ప్రకారమే చూసుకోవాలి. ఆ రోజుల్లో మన గడియారం ఇండియాకు 12.30 గంటలు వెనక ఉంటుంది.

మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లి అన్నం పెట్టినవారు చాలామందికి చుట్టాలు కారు. వారు క్షేమంగా ఉన్నారు కదా. వారికీ ఓ ఫోన్ చేద్దాం.