నలభై శాతం గడప

ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను బాగా ఉన్న మనిషికి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 శాతం వైకల్యం. అదే మనిషికి కాలిలో మరో 10 శాతం లోపం ఉందనుకుందాం. ముప్పైకి పది కలిపితే నలభై, పింఛను వచ్చేసినట్టే అని ఇంట్లోవాళ్లు లెక్క వేసుకుంటారు. డాక్టర్ల లెక్క వేరు. 90 లోంచి పెద్ద అంకె 30 తీసేసి, మిగిలిన 60ని చిన్న అంకె 10తో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని 30కి కలుపుతారు. అది 36.7 దగ్గర ఆగిపోతుంది. పొలం గట్ల మీద నడిచి కూలి చేసుకునే మనిషికీ, కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగికీ ఇదే సూత్రం. అదే లోపం ఒకరి కూలిని తినేస్తుంది, మరొకరి జీతం జోలికి పోదు. శాతం శరీరాన్ని కొలుస్తుంది గానీ బతుకుతెరువుకు తగిలిన దెబ్బను కొలవలేదు. కొలబద్దకే ఇంత లోటు ఉన్నప్పుడు, దాన్ని దాటాల్సిన మనిషికి దారి సుగమం చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఆ నలభై శాతం గడపకు ఇంత విలువ చట్టం వల్ల వచ్చింది. 1995 నాటి దివ్యాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం వాటిని 21కి పెంచి ఆటిజం, పార్కిన్సన్స్, తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధి, యాసిడ్ దాడి గాయాలను కూడా చేర్చింది. 40 శాతం, ఆపైన ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. రాష్ట్రాల పింఛన్లదీ దాదాపు ఇదే కొలత. కేంద్రం నెలకు ఇచ్చే 300 రూపాయలకు 80 శాతం వైకల్యంతో పాటు పేదరికమూ ఉండాలి కాబట్టి, అసలు ఆసరా రాష్ట్రాలదే. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000కు పెరిగింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 చేశారు.

సర్టిఫికెట్ చేతికొస్తే పింఛను మంజూరైనట్టేనని చాలామంది నమ్ముతారు. నిజానికి అవి రెండు వేర్వేరు మెట్లు. మొదటిది మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్ తీసుకుని, ఆస్పత్రి శిబిరానికి వెళ్లి, వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ గుర్తింపు కార్డు పొందడం. ఆధార్, ఫొటోలతో పాటు పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, వినికిడి పరీక్ష రిపోర్టులు వెంట ఉంటే డాక్టరుకు పూర్వాపరాలు తెలుస్తాయి. సర్టిఫికెట్ రాగానే అది శాశ్వతమా తాత్కాలికమా చూసుకోవాలి. తాత్కాలికమైతే గడువు తీరకముందే మళ్లీ స్లాట్ వెతుక్కోవాలి. రెండో మెట్టు కుటుంబ పరిస్థితి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా నడుస్తున్న ఆరంచెల పరిశీలనలో పరిమితికి మించిన భూమి, కారు, ఆదాయపన్నుతో పాటు నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం కూడా అడ్డమే. ఇంటిని మొత్తంగా తూచే ఈ పద్ధతిలో, ఆ ఇంట్లో నడవలేని మనిషి చేతిలో సొంత రూపాయి ఉందా లేదా అన్నది లెక్కలోకే రాదు.

ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కదా అనవచ్చు. నిజమే, గీత ఉండాలి. కానీ 36.7కి సున్నా, 40కి పూర్తి పింఛను అనే ఏర్పాటుకు బదులు మధ్యలో ఒక మెట్టు కట్టడం అసాధ్యమేమీ కాదు. దొంగ సర్టిఫికెట్ల మాటేమిటన్నది ఇంకా బలమైన అభ్యంతరం. మోసం ఉంది, దాన్ని పట్టుకోవాల్సిందే. అందుకే 2016 చట్టంలోని 91వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. దొంగ కాగితం వెనుక సంతకం పెట్టిన చెయ్యి, బేరం కుదిర్చిన దళారి ఉంటారు. వేట అక్కడ మొదలవ్వాలి. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారుల వైకల్య పునఃపరిశీలన తర్వాత వేలమందికి పింఛను రద్దు నోటీసులు వెళ్లినప్పుడు, నిజంగా వైకల్యం ఉన్నవాళ్లు కూడా కార్యాలయాల ముందు తమ శరీరాలను చూపించుకోవాల్సి వచ్చింది. నిరసనల తర్వాతే అప్పీలు చేసుకున్నవారికి ఊరట దొరికింది. తెగిన కాలు మళ్లీ మొలవదు. అలాంటి మనిషిని మళ్లీ క్యూలో నిలబెట్టడం తనిఖీ కాదు, శిక్ష. అప్పీలు తేలేదాకా పింఛను ఆపకూడదు. మంచంలో ఉన్నవారి దగ్గరికి డాక్టరే వెళ్లాలి.

ప్రభుత్వం మారేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. సర్టిఫికెట్ దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఇస్తోంది. చాలామంది కౌంటర్ దగ్గర ‘రాదు’ అన్న ఒక్క మాటతో వెనుదిరుగుతున్నారు. మీ వీధిలో అలా తిరిగొచ్చినవారుంటే వాళ్లతో మళ్లీ వెళ్లండి. ‘ఎందుకు రాదో కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి. ఎందుకు కాదన్నారో అందులో కనబడుతుంది. తప్పుంటే, అప్పీలుకు ఆ కాగితమే ఆధారం.