ఎండను తూచు గణితము

హైదరాబాదు నగరమున దక్షిణపు గోడకు నాలుగడుగుల ఎత్తు గల కిటికీ నమర్చి, సరిగా దాని నెత్తిన అడుగుంబావు చజ్జా వేసినచో, రేయింబవళ్లు సమమగు దినములందు మధ్యాహ్నపుటెండ గాజును తాకజాలదు, ఏలయన, 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న ఆ నగరమున సూర్యుడు ఆనాడు నడినెత్తినుండి దక్షిణమునకు అంతమాత్రమే ఒరిగియుండును. అదే చజ్జాను పడమటి గోడకు వేసిన నిష్ప్రయోజనము. వాలుప్రొద్దు దాని క్రిందుగా గదిలోనికి చొచ్చుకొనివచ్చును.

కిటికీ పెద్దదైన దీపముల ఖర్చు తగ్గును గాని వేడిమి హెచ్చి ఏసీ యంత్రమునకు భారమగును. చిన్నదైన, పట్టపగలే దీపము వెలిగింపవలసివచ్చును. తెల్లని పూత గల కప్పునకు ఉష్ణనిరోధకపు పొర వలన కలుగు లాభము, నల్లని కప్పునకు కలుగునంత యుండదు. ఇట్లు ఒక నిర్ణయపు ఫలము వేరొకదానిపై ఆధారపడియుండుటచే, వానిని విడివిడిగా తేల్చుట పొసగదు. పది అంశములకు ఆరేసి విధములున్నచో 6,04,66,176 నమూనాలగును. సంవత్సరమందలి 8,760 గంటల ఎండను, గాలిని, జనుల రాకపోకలను లెక్కించి ఒక్కొక్క నమూనాను పరీక్షించుటకు కంప్యూటరునకు ఒక్క నిమిషమే పట్టినదనుకొన్నను, అన్నియు ముగియుటకు 115 ఏండ్లు కావలయును.

ఇచటనే గణితము తోడ్పడును. ఏడాది విద్యుద్వ్యయమును కనిష్ఠము చేయుట లక్ష్య ప్రమేయముగను, వెలుతురు, స్థలము, సొమ్ము నిబంధనలుగను నిలిపి అది అన్వేషణ సాగించును. 1975లో జాన్ హాలండ్ తన గ్రంథమున వివరించిన జన్యు పద్ధతిలో, మొదట యాదృచ్ఛికముగా కొన్ని నమూనాలను గ్రహించి, వానిలో మేలైనవానిని నిలుపుకొని, ఒకదాని కిటికీని మరియొకదాని కప్పుతో జతపరచి, అక్కడక్కడ చిన్న మార్పు చేయుచు, తరతరమునకు మెరుగుపరచుకొనుచు పోవుదురు. దొరికినదే సర్వోత్తమమని ఈ పద్ధతి నిరూపింపదు. కాని కొన్ని వేల పరీక్షలతోనే మిక్కిలి మేలైన నమూనాలను చేతికందించును.

నిర్మాణవ్యయము, విద్యుద్వ్యయము రెండును తగ్గవలెనన్నచో లభించునది ఒక్క సమాధానము గాదు, ఒక రేఖ. ఇటలీ దేశపు అర్థశాస్త్రవేత్త విల్ఫ్రెడో పరేటో పేర పరగు ఆ రేఖపై, ఒక వ్యయమును పెంచక రెండవదానిని తగ్గించుట సాధ్యము గాదు. అందు ఏ బిందువు తమకు తగునో నిర్ణయించుకొనవలసినవారు ఇల్లు కట్టుకొనువారే. ఆ నిర్ణయమునకు తగిన కాలము పునాది త్రవ్వక పూర్వమే. పటముపై ఇంటిని త్రిప్పుటకు నాలుగు గీతలు చెరిపి గీసిన చాలును; గోడలు లేచిన పిమ్మట పడమటి యెండకు ఏటేట వేసవిలో కరెంటు బిల్లు చెల్లింపవలసినదే.