పని మీద వచ్చినవారి పట్టణం

మార్సేల్స్‌లో రైలు దిగినవారు ఊళ్ళోకి నడిచి వెళ్ళాలంటే 104 మెట్లు దిగాలి. సెంట్ షార్ల్ స్టేషను గుట్ట మీద ఉన్నది. రైలు 1848లోనే వచ్చినా, ఈ విశాలమైన రాతి మెట్ల వరుస 1927లో గాని ప్రారంభం కాలేదు. మెట్ల దిగువన ఇరుపక్కలా రెండు శిల్పాలు, విలాసంగా ఒరిగి ఉన్న ఇద్దరు స్త్రీలు. ఒకామె ఆఫ్రికాలోని వలస రాజ్యాలకు, మరొకామె ఆసియాలోని వలస రాజ్యాలకు ప్రతీకలు. ఆ సామ్రాజ్యం అంతరించింది. వారిద్దరు మాత్రం ఇంకా అలాగే ఒరిగి ఉన్నారు.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని సుభాష్‌పల్లి నుండి ఒక తెలుగు ఇంజనీరు పని మీద ఇక్కడికి వచ్చాడనుకుందాం. అతని ఊరి స్టేషను ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిరకాలం దానికి పేరుండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. అటువంటివాడు ఏ స్టేషనులో దిగినా ముందు పట్టాల వంకే చూస్తాడు. ఆఫీసు పని రేపు ఉదయం మొదలవుతుంది. ఈ పగలు మాత్రం అతనిది. విహారానికి వచ్చినవారు పుస్తకం పట్టుకుని ఊరు చూస్తారు. పని మీద వచ్చినవారి కళ్ళు ఊరు చేసే పని మీదికి పోతాయి. మార్సేల్స్‌ను ఆ కళ్ళతోనే చూడాలి. ఈ పట్టణాన్ని పుట్టించిందే పని మీద వచ్చినవారు.

క్రీస్తు పూర్వం 600 ప్రాంతంలో ఆసియా మైనరు తీరంలోని ఫొకాయా నుండి గ్రీకు నావికులు వర్తకానికి చోటు వెదుకుతూ వచ్చారు. ఆ రోజున స్థానిక తెగ నాయకుని కూతురు జిప్తిస్‌కు స్వయంవరం. విందులో ఆమె ఎవరికి పానపాత్ర అందిస్తే అతడే వరుడు. అనుకోకుండా ఆ విందుకు వచ్చిన ప్రోతిస్‌కు అందించింది! అల్లునికి మామగారు ఇచ్చిన నేల మీద మస్సాలియా రేవు వెలసిందని కథ. కథ మాట ఎలా ఉన్నా, రేవును స్థాపించినవారు ఫొకాయా గ్రీకులేనన్నది చరిత్ర.

మెట్లు దిగి కొంత దూరం నడిస్తే కానబియేర్ వీథి వస్తుంది. అది తిన్నగా పాత రేవుకు చేరుస్తుంది. ఓడల మోకులు పేనడానికి వాడిన నారమొక్క పేరే ఆ వీథికి వచ్చింది. నూనె గానుగలకు, సబ్బు కార్ఖానాలకు కూడా ఈ ఊరు ప్రసిద్ధం. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో దక్షిణ భారతంలో పండిన వేరుశనగ పుదుచ్చేరి నుండి ఓడలెక్కి ఈ గానుగలకే వచ్చేది. ఆ రోజులలో మన రైతు పంట ధర ఈ రేవు బేరాన్ని బట్టి కూడా నడిచింది. ఈ సంగతి ఊళ్ళో ఏ ఫలకం మీదా కనిపించకపోవచ్చు.

పాత రేవు గట్టున ఉదయం పూట జాలర్లు చేపలమ్ముతారు. బూయబేస్ అనే ఇక్కడి సుప్రసిద్ధ వంటకం, అమ్ముడుపోని రాతిచేపలతో జాలర్లు తమ కోసం కాచుకున్న పులుసు. నేడది ఖరీదైన హోటళ్ళకెక్కింది. బల్ల మీదికి వచ్చే బిల్లు చూసి పాతకాలపు జాలరి నవ్వుకునేవాడే.

రేవుకు ఉత్తరాన పానియే పేట సందులలో మిగిలినవి పాత ఇళ్ళు. దాని దిగువన, నీటి ఒడ్డున, పురభవనం వంటి కొద్ది కట్టడాలు తప్ప అన్నీ యుద్ధానంతరం కట్టినవే. ఇటాలియన్లు, యూదులు, ఓడ కూలీలు, ఎక్కడెక్కడి నుండో వచ్చిన పేదలు కలిసి బ్రతికిన ఆ వాడ జర్మను ఆక్రమణదారులకు కంటగింపయింది. 1943 జనవరిలో వారు, ఫ్రెంచి పోలీసులు కలిసి సుమారు 20,000 మందిని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టారు. ఫిబ్రవరిలో దాదాపు 1,500 కట్టడాలను పేల్చివేశారు. పట్టుబడిన యూదులలో వందల మంది సోబిబోర్ మృత్యుశిబిరానికి చేరారు. వాడ నేలమట్టమయింది గాని ఊరి స్వభావం మారలేదు. ఆర్మీనియన్ల మనుమలు, కార్సికా వారు, అల్జీరియా వారు, కొమొరో దీవుల వారు నేటికీ ఈ వీథులలోనే ఉన్నారు. వారిని అడిగే ప్రశ్న ఒకటే: “అసలు మీది ఏ ఊరు?”

సుభాష్‌పల్లి మనిషికి ఆ ప్రశ్న కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టినప్పటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు అక్కడికి పనికి వెళ్ళారు. మనుమల కాలం వచ్చింది. ఇంట్లో తెలుగు, వీథిలో బెంగాలీ, బజారులో హిందీ. బెంగాలీలు వారిని తెలుగువారంటారు. సెలవుల్లో శ్రీకాకుళం వెళితే అక్కడి చుట్టాలు “బెంగాలీ వాళ్ళొచ్చారు” అంటారు.

రేవుకు దక్షిణాన కొండ మీద నోత్ర దామ్ ద లా గార్ద్ దేవాలయం, శిఖరాన బంగారు పూత పూసిన మేరీమాత విగ్రహం. ఊరివారు ఆమెను మంచి తల్లి అంటారు. లోపల కప్పు నుండి చిన్న చిన్న ఓడ బొమ్మలు వేలాడుతుంటాయి. తుఫానులో బ్రతికి బయటపడినవారు తీర్చుకున్న మొక్కులవి. ఖరగ్‌పూర్ తెలుగు వాడలలో ఏటా మాతా పూజ ఊరేగింపు చూసి పెరిగినవానికి ఈ ఓడల భాష ఎవరూ వివరించనక్కరలేదు.

పొద్దు వాలకముందు అతనికి మరొక చోటు చూసే వ్యవధి ఉన్నది. అది ఊరికి దక్షిణాన మజార్గ్‌లోని యుద్ధ శ్మశానవాటిక. 1914 సెప్టెంబరు 26న లాహోర్ డివిజన్ సిపాయిలు ఈ రేవులోనే దిగారు. ఆ యుద్ధకాలమంతా ఫ్రాన్సులోని భారత సేనకు మార్సేల్స్ స్థావరం. తరువాత కూలీ దళాలు కూడా వచ్చాయి. తిరిగి వెళ్ళలేకపోయిన వారిలో ఎందరో ఇక్కడున్నారు. వాటిక వెనుక భాగంలో భారతీయుల స్మారకం ఉన్నది; 1925 జూలైలో ఫీల్డ్ మార్షల్ బర్డ్‌వుడ్ దానిని ఆవిష్కరించాడు. దహన సంస్కారం జరిగినవారికి సమాధులుండవు గనుక వారి జాడ ఆ రాతి మీదనే. వారూ పని మీద వచ్చినవారే. నెల జీతానికి వచ్చారు.

ఇటువంటి వాటికలలో సందర్శకుల కోసం ఒక పుస్తకం ఉంచుతారు. పేరు, ఊరు రాయాలి. అతను పేరు రాసి, రెండవ గడి దగ్గర కలం ఆపుతాడు. తాతగారి ఊరు గుర్తుకు వస్తుంది. తరువాత ‘సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్’ అని రాసి, బస్సు వేళ దాటిపోతున్నదని గబగబా గేటు వైపు నడుస్తాడు.